పైథాన్ డాక్స్‌లో తప్పు కనిపిస్తే: దిద్దబోయే ముందు, దిద్దాక వచ్చే చిక్కులు

మా అపార్ట్‌మెంట్ ఓనర్ల జాబితాలో పేర్ల ముందున్న 'శ్రీ ' తీసేయమన్నారు. ఒక్క లైను పని కదా అని, మాట ఎడమ అంచు నుంచి అక్షరాలు తీసేసే పైథాన్ ఎల్‌స్ట్రిప్ మెథడ్‌కి 'శ్రీ ' అని ఇచ్చి నడిపించాను. సుబ్బారావు గారు, వెంకటేశ్వర్లు గారు బాగానే వచ్చారు. రమేష్ గారు 'మేష్' అయ్యారు. శ్రీనివాస్ గారు 'నివాస్' అయ్యారు. శంకర్ గారైతే ఒట్టి సున్నతో మొదలై 'ంకర్' అని మిగిలారు. పైనున్న నాలుగైదు పేర్లు చూసి సరే అనుకున్నాను కాబట్టి జాబితా అలాగే నోటీసు బోర్డుకి ఎక్కింది.

ఆ రాత్రే కోపంగా 'డాక్స్‌లో (పైథాన్‌ని వివరించే అధికారిక పేజీల్లో) తప్పుంది' అని ఇష్యూ (ప్రాజెక్టు వాళ్లకి పెట్టే ఫిర్యాదు) రాయడం మొదలుపెట్టాను. సగం రాశాక ఆ పేజీ ఇంకోసారి చదివితే తప్పు నాదని తేలింది. అప్పటి నుంచి డాక్స్ దిద్దే పని దొరికితే ముందు ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను: తప్పు ఉన్నది ఎక్కడ? పేజీలోనా, కోడ్‌లోనా, నా బుర్రలోనా? కింద రాసిన చిక్కులు చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

సమస్య: డాక్స్‌లో ఒకటుంది, కోడ్ ఇంకోటి చేస్తోంది

ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొట్టమొదట పేజీ పైన వెర్షన్ నంబరు చూడండి. మీ మెషీన్‌లో 3.8 ఉండి, మీరు చదివేది తాజా వెర్షన్ పేజీ అయితే గొడవే లేదు, రెండూ సరైనవే. ఫంక్షన్ వివరణ కింద 'ఫలానా వెర్షన్‌లో మారింది' అని చిన్న గమనికలు ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు. చదవండి.

వెర్షన్లు కలిసినా తేడా ఉంటే, సమస్యను రెండు మూడు లైన్ల కోడ్‌కి కుదించి ఇంటర్‌ప్రెటర్‌లో నడపండి. నా విషయంలో దాన్ని కుదించగానే సంగతి బయటపడింది. ఎల్‌స్ట్రిప్ తీసుకునేది ఒక పదాన్ని కాదు, కొన్ని అక్షరాల గుంపుని. పైథాన్ దృష్టిలో 'శ్రీ' ఒక అక్షరం కాదు, నాలుగు కోడ్ పాయింట్లు (యూనికోడ్ ప్రమాణంలో విడివిడి నంబర్లున్న గుర్తులు): శ, పొల్లు, ర, దీర్ఘం. స్పేస్‌తో కలిపి అయిదు. ఎడమ నుంచి ఈ అయిదింటిలో ఏది కనపడినా తీసేస్తూ పోతుంది, వేరేది తగలగానే ఆగుతుంది. రమేష్‌లో 'ర' ఆ గుంపులో ఉంది, పోయింది. 'మ' లేదు, ఆగింది. శంకర్‌లో 'శ' పోయి సున్న దగ్గర ఆగింది. డాక్స్‌లో ఇదంతా స్పష్టంగానే ఉంది: ఇచ్చేది ప్రిఫిక్స్ (మాట ముందుండే ముక్క) కాదు, అందులోని అక్షరాలు ఏ కలయికలో ఉన్నా తీసేస్తాం అని.

సరే, చదివినవాడిదే తప్పు. కానీ ఏళ్ల తరబడి అందరూ అదే తప్పు చేస్తుంటే? ఈ ఎల్‌స్ట్రిప్ అపార్థం బగ్ ట్రాకర్‌కి మళ్లీమళ్లీ వచ్చింది. చివరికి పెప్ 616 (పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోసం రాసే ప్రతిపాదన) ద్వారా 2020 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.9లో రిమూవ్‌ప్రిఫిక్స్, రిమూవ్‌సఫిక్స్ అని రెండు కొత్త మెథడ్‌లు చేర్చారు. ఎల్‌స్ట్రిప్ వివరణలోనే ఇప్పుడు 'ప్రిఫిక్స్ కావాలంటే అటు వెళ్లండి' అని రెండింటి తేడా చూపే ఉదాహరణతో సహా ఉంది. అంటే వాక్యం తప్పు కాకపోయినా దిద్దుబాటుకి చోటుంటుంది. 'ఇది తప్పు' అని కాకుండా 'ఇది ఇలా అపార్థమవుతోంది, ఇదిగో ఉదాహరణ' అని రాస్తే ఆ ఇష్యూకి విలువ ఉంటుంది.

తెలుగువాళ్లకి ఇలాంటిదే ఇంకోటి తగులుతుంది. 'తెలుగు' అన్న మాట మీద, అన్నీ అక్షరాలేనా అని చూసే ఈజ్‌ఆల్ఫా పిలిస్తే ఫాల్స్ (కాదు) అని వస్తుంది. బగ్ కాదు. గుణింతాల గుర్తులు యూనికోడ్ లెక్కలో 'లెటర్' వర్గంలోకి రావు, ఈజ్‌ఆల్ఫా చూసేది ఆ వర్గాన్నే. యూనికోడ్ చెప్పే 'ఆల్ఫబెటిక్' లక్షణం వేరు, తమ నిర్వచనం వేరు అని డాక్స్‌లో రాసే ఉంది. ఆ వాక్యం చదివి మనవాళ్లలో ఎంతమందికి గుణింతాలు గుర్తొస్తాయో నాకైతే అనుమానమే.

ఇక నిజంగా తేడా ఉందని తేలితే, దిద్దాల్సింది పేజీనా, కోడ్‌నా? దీనికి నేను వాడే కొలత ఒకటుంది. సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) కోడ్ ఉండే రిపోలో లిబ్ ఫోల్డర్ కింద టెస్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ మాడ్యూల్ టెస్టులు తెరిచి, మీరు చూసిన ప్రవర్తనకి టెస్టు ఉందేమో వెతకండి. ఉంటే అది కావాలని చేసిందే, దిద్దాల్సింది డాక్స్. టెస్టు లేక డాక్స్ మాత్రం స్పష్టంగా ఉంటే కోడ్ బగ్ అయ్యే అవకాశం ఎక్కువ, ఇష్యూ అలా తెరవండి. రెండూ లేకపోతే ముందు అడగండి, పుల్ రిక్వెస్ట్ (మీ మార్పుని కలుపుకోమనే అభ్యర్థన) తర్వాత.

సమస్య: పేజీ మార్చాను, హెల్ప్ కొడితే పాత మాటే వస్తోంది

కారణం: అవి రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి. వెబ్‌లో కనిపించే పేజీ డాక్ ఫోల్డర్‌లోని లైబ్రరీ కింద ఉన్న ఆర్‌ఎస్‌టీ అనే ఫార్మాట్ ఫైల్. హెల్ప్ ఫంక్షన్ చూపేది కోడ్‌లోనే రాసి ఉన్న చిన్న వివరణ, అంటే డాక్‌స్ట్రింగ్. ఒకదాన్నుంచి ఇంకోటి తయారు కాదు, ఇద్దరు మనుషులు రెండుసార్లు రాసినవి.

పరిష్కారం: పైథాన్‌లో రాసిన మాడ్యూల్ అయితే లిబ్ ఫోల్డర్‌లోని ఫైల్‌లో డాక్‌స్ట్రింగ్ మార్చితే సరి. సీ భాషలో రాసినవాటికి (స్ట్రింగ్ మెథడ్‌లు అలాంటివే) ఆ వాక్యం ఆర్గ్యుమెంట్ క్లినిక్ అనే కామెంట్ బ్లాకులో ఉంటుంది. అది మార్చాక 'మేక్ క్లినిక్' నడిపి, దాంతో తయారయ్యే హెడర్ ఫైల్‌ని కూడా కమిట్ చేయాలి. నేను మొదటిసారి ఆ హెడర్‌ని చేత్తో దిద్దాను. తయారైన ఫైల్‌ని చేత్తో దిద్దితే మళ్లీ తయారైనప్పుడు చెరిగిపోతుంది, ఈలోపు సీఐ (మార్పుల్ని దానంతటదే పరీక్షించే ఏర్పాటు) కూడా ఎర్రగా వెలుగుతుంది.

రెండింటిలో వివరంగా ఉండాల్సింది పేజీ. డాక్‌స్ట్రింగ్ రెండు మూడు లైన్లు చాలు. పేజీలోని పేరా మొత్తం తెచ్చి డాక్‌స్ట్రింగ్‌లో పోయకండి.

సమస్య: బిల్డ్ ఆగలేదు, కానీ నేను రాసిన పేరా పేజీలో లేదు

డాక్ ఫోల్డర్‌లోకి వెళ్లి 'మేక్ హెచ్‌టీఎంఎల్' కొట్టారు, అంతా అయిపోయింది, పేజీ తెరిస్తే మీ గమనిక మాయం. తొంభై పాళ్లు కోలన్ గొడవే. ఈ పేజీలు తయారుచేసే పనిముట్టు స్ఫింక్స్. దానికిచ్చే ఆదేశం (డైరెక్టివ్) ముందు రెండు చుక్కలు, ఒక ఖాళీ, ఆ తర్వాత పేరు, పేరు చివర రెండు కోలన్లు ఉండాలి. ఒక్క కోలన్ పెడితే దాన్ని కామెంట్ అనుకుని, కింద ఉన్నదంతా మౌనంగా మింగేస్తుంది.

పేరా కనిపించినా పక్కకి జరిగి కనిపిస్తే అది ఇండెంట్ తేడా. సీపైథాన్ డాక్స్‌లో ఇండెంట్ మూడు స్పేసులు. కోడ్ రాసే చెయ్యి అలవాటుగా నాలుగు కొడుతుంది. కోడ్‌గా కనిపించాల్సిన పేరు వాలుగా ఇటాలిక్‌లో వస్తే మీరు బ్యాక్‌టిక్ రెండేసి కాకుండా ఒక్కోటే పెట్టారన్నమాట. ఇలాంటివాటిని పట్టుకోవడానికి 'మేక్ చెక్' ఉంది. పుల్ రిక్వెస్ట్ తెరిచే ముందు అది ఒకసారి నడపండి, రివ్యూ చేసేవాళ్ల చేత కోలన్లు లెక్కపెట్టించొద్దు.

ఈ స్ఫింక్స్ పుట్టిందే పైథాన్ డాక్స్ కోసం. అంతకుముందు అవి లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ పద్ధతిలో ఉండేవి. గేయార్గ్ బ్రాండిల్ ఈ పనిముట్టు తయారుచేస్తే, 2008లో వచ్చిన 2.6 నుంచి డాక్స్ దీంట్లోకి మారాయి. లేటెక్‌లో ఒక బ్రాకెట్ వెతుక్కున్న అనుభవం ఉన్నవాళ్లకి ఈ కోలన్ బాధ పెద్ద లెక్కలోకి రాదు.

సమస్య: నేను రాసింది నిజమే, అయినా రివ్యూలో ఒప్పుకోవడం లేదు

రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది స్వరం. మనం దెబ్బతిని వచ్చి రాస్తాం కాబట్టి 'హెచ్చరిక! ఇలా వాడొద్దు! ప్రమాదం!' అన్న ధోరణి వచ్చేస్తుంది. పైథాన్ డెవలపర్ గైడ్ కోరేది అది కాదు. ఏం చేస్తుందో, ఎలా వాడాలో సూటిగా, తక్కువ మాటల్లో చెప్పమంటుంది. 'ఎల్‌స్ట్రిప్‌ని ప్రిఫిక్స్ కోసం వాడి మోసపోకండి' అనేదానికంటే 'ప్రిఫిక్స్ తీసేయడానికి రిమూవ్‌ప్రిఫిక్స్ చూడండి' మేలు. ప్రతి పేరాకీ ఎర్ర పెట్టె కడితే, నిజంగా భద్రత గురించి చెప్పే పెట్టెని ఎవరూ చూడరు.

రెండోది కొంచెం లోతైనది. స్టాండర్డ్ లైబ్రరీ డాక్స్‌లో రాయడమంటే మాటివ్వడం. ఈరోజు కోడ్ అలా నడుస్తోందని రాసేస్తే రేపు మార్చడానికి వీల్లేదు. కీ, విలువల జతలు దాచే పైథాన్ డిక్షనరీనే చూడండి. 3.6లో కీలు చేర్చిన వరసలోనే ఉండేవి, అందరూ కళ్లారా చూశారు. అయినా డాక్స్ దాన్ని ఇంప్లిమెంటేషన్ వివరంగానే చెప్పి, దానిమీద ఆధారపడొద్దంది. 2017 డిసెంబరులో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ సరేనన్నాకే 3.7 నుంచి అది భాష ఇచ్చే హామీ అయింది. కాబట్టి 'నేను నడిపి చూశాను, ఇలాగే వస్తోంది' అన్నది డాక్స్‌లో చేర్చడానికి చాలదు. ఇది హామీనా, ఇప్పటి అమరికేనా అని ఇష్యూలో అడిగి, అక్కడ తేలాకే రాయండి. ఒక్క పేజీలోని అక్షరదోషానికి మాత్రం ఇష్యూ అక్కర్లేదు, నేరుగా పుల్ రిక్వెస్ట్ పెట్టొచ్చు.

రివ్యూ మధ్యలో ఫోర్స్ పుష్ (పాత కమిట్ల స్థానంలో కొత్తవి ఎక్కించడం) చేయకండి. చివర్లో కమిట్లన్నీ వాళ్లే ఒకటిగా కలుపుతారు. మీరు చరిత్ర శుభ్రం చేస్తే, చదివినవాళ్లు మళ్లీ మొదటినుంచి చదవాలి.

చిన్నచిన్నవి

సంతకం చేసినా సీఎల్‌ఏ (మార్పులు పంపేవాళ్లు చేసే లైసెన్స్ ఒప్పందం) చెక్ ఎర్రగానే ఉంటే, కమిట్‌లో వెళ్లిన ఈమెయిల్ వేరేదేమో చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద రాస్తే తరచూ జరిగేదే. గిట్ కాన్ఫిగ్‌లో ఈమెయిల్ మార్చుకోండి, లేదా ఆ ఈమెయిల్‌తో కూడా సంతకం చేయండి.

తప్పు అనువాదంలో మాత్రమే ఉంటే (భాషల జాబితాలోంచి ఇంగ్లిష్ పేజీకి మారి చూస్తే తెలిసిపోతుంది) సీపైథాన్ రిపోలో చెప్పి లాభం లేదు. పెప్ 545 ప్రకారం ఏ భాష బృందానికి ఆ రిపో వేరుగా ఉంటుంది.

నెల దాటినా ఎవరూ పలకకపోతే మర్యాదగా ఒక్క కామెంట్ పెట్టండి. వారానికొకటి వద్దు.

సమస్య: నా మార్పుని కలిపేశారు (మెర్జ్ అయింది), సైట్‌లో మాత్రం పాతదే ఉంది

టెన్షన్ పడకండి. సైట్ వెంటనే మారదు, పేజీలు మళ్లీ బిల్డ్ అయ్యేదాకా ఆగాలి. మర్నాటికీ రాకపోతే మీరు చూస్తున్న వెర్షన్ గమనించండి. మార్పు ముందు మెయిన్ బ్రాంచ్‌లోకి వెళుతుంది, అంటే ఇంకా విడుదల కాని వెర్షన్ పేజీలోకి. మామూలుగా అందరూ చూసే స్థిరమైన వెర్షన్‌లోకి రావాలంటే బ్యాక్‌పోర్ట్ కావాలి. కోర్ టీమ్‌లో ఎవరైనా బ్యాక్‌పోర్ట్ లేబుల్ పెడితే మిస్ ఇస్లింగ్టన్ అనే బాట్ మీ మార్పుని పాత బ్రాంచ్‌లకి తనే తీసుకెళుతుంది. లేబుల్ లేకపోతే 'ఇది ఫలానా వెర్షన్‌కి కూడా వర్తిస్తుంది' అని కామెంట్‌లో అడగండి, ఆ వెర్షన్‌లో నిజంగా అలాగే నడుస్తోందని చూసుకున్నాకే.

మరీ పాత వెర్షన్ పేజీ దిద్దించాలంటే కుదరదు. 3.13 నుంచి వచ్చిన వెర్షన్లకి రెండేళ్లు, అంతకుముందువాటికి ఏడాదిన్నర మామూలు దిద్దుబాట్లు తీసుకుంటారు. ఆ తర్వాత విడుదలైన నాటి నుంచి అయిదేళ్లు నిండేదాకా భద్రతకి సంబంధించినవే. మీ ఆఫీసులో ఇంకా 3.8 నడుస్తుంటే ఆ పేజీలోని తప్పు అక్కడే ఉంటుంది. పక్కన కొత్త వెర్షన్ పేజీ తెరిచి పెట్టుకుని, 'ఫలానా వెర్షన్‌లో మారింది' గమనికలు చూసుకుంటూ చదువుకోవడమే.