తక్కువ బడ్జెట్‌లో మెకానికల్ కీబోర్డ్ ఎట్టా కొనాలి? పగలు టాలీకి, రాత్రి వాలరెంట్ గేమ్‌కి ఒకటే

నెల్లూరులో ఏ కంప్యూటర్ షాపుకైనా పోయి మెకానికల్ కీబోర్డ్ చూపించన్నా అంటే ఫస్ట్ చేసే పని దాన్ని పీసీకి పెట్టి లైట్లు వెలిగించడం. ఎర్రవి, నీలివి అలలు అలలుగా పోతుంటాయి, మనం అక్కడికే సగం పడిపోతాం, రేటు అడుగుతాం, ఇంకో వంద తగ్గించమంటాం, తెచ్చేసుకుంటాం. లైట్లు ఆఖర్న చూడండి, చూడకపోయినా ఏం పర్లేదు. ఒకే కీబోర్డ్ మీద పగలు ఆఫీస్ పని, రాత్రి గేమ్ రెండూ నడవాలంటే ముందు తేలాల్సింది మీ పనికి ఏ కీలు లేకపోతే కుదరదు అనేది, తర్వాత ఇంట్లో వాళ్ళు ఎంత సౌండ్ భరిస్తారు అనేది, బ్రాండూ గీండూ అంతా వాటి తర్వాతే. రెండు వేల నించి నాలుగు వేల దాకా పెట్టగలిగే వాళ్ళ కోసం రాస్తున్నా, పదివేలు పెట్టేవాళ్ళకి నా సలహాతో పని లేదు.

ముందు అది మెకానికలేనా కాదా చూడండి

ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వందలకే "మెకానికల్ ఫీల్" అని రాసి అమ్మేవి బోలెడు ఉండాయి. ఆ "ఫీల్" అనే మాట కనిపించిందంటే నూటికి తొంభై పాళ్ళు అది మామూలు మెంబ్రేన్ బోర్డే, అంటే కింద ఒక రబ్బర్ షీట్ ఉంటది, కీలన్నీ దాని మీదే నొక్కుకుంటాయి. మెకానికల్‌లో అట్టా కాదు, ప్రతి కీకి విడిగా ఒక స్విచ్, దాంట్లో స్ప్రింగు ఉంటాయి.

షాపులో అయితే తేల్చుకోవడం తేలిక, ఒక కీక్యాప్ పీకి చూపించమనండి. పీకే క్లిప్పు బాక్సులోనే వస్తది. క్యాప్ ఊడొచ్చాక కింద నలుచదరంగా చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మధ్యలో ఎరుపో నీలమో బ్రౌనో రంగులో ప్లస్ గుర్తు ఆకారంలో ఒక కాడ నిలబడి ఉంటే అది మెకానికల్. అట్టా కాకుండా బోర్డు ప్లాస్టిక్‌లోనే కలిసిపోయిన గొట్టం లాంటిది ఉండి, వేలితో నొక్కితే మెత్తగా రబ్బర్ లాగా దిగితే పెట్టేసి వచ్చేయండి. క్యాప్ పీకడానికి షాపాయన ఒప్పుకోకపోతే, ఆ షాపులో కొనకండి, అంతే.

కీలు లెక్క చూసుకోండి, అసలు తప్పులన్నీ జరిగేది ఇక్కడే

సైజుల పేర్లు ఇట్టా ఉంటాయి: ఫుల్ సైజ్ అంటే 104 కీలు, నంబర్ ప్యాడ్‌తో సహా. టీకేఎల్ అంటే నంబర్ ప్యాడ్ కోసేసింది, 87 కీలు. 75 శాతం అంటే దాన్నే ఇంకొంచెం దగ్గరికి నొక్కి 80 చిల్లర కీలతో చేసింది. 60 శాతం అంటే 61 కీలు, దాంట్లో పైన ఎఫ్1, ఎఫ్2 వరస కూడా ఉండదు, బాణం కీలు కూడా ఉండవు. యూట్యూబ్‌లో గేమింగ్ వాళ్ళు చూపించే చిన్న ముద్దు కీబోర్డ్ ఈ 60 శాతమే, మన కుర్రాళ్ళు ఎక్కువగా కొనేదీ ఇదే.

ఇప్పుడు మన దగ్గర పనులు చూడండి. రొయ్యల మేత షాపులో అకౌంట్స్ రాసే వాళ్ళు, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో బిల్లింగ్ చేసే వాళ్ళు, రైస్ మిల్లు లెక్కలు, ఆడిటర్ దగ్గర ట్రైనీగా చేరిన వాళ్ళు, అందరికీ టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేరే. టాలీలో ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, పొద్దున్నించి సాయంత్రం దాకా వేలు ఆ వరస మీదే ఉంటది. 60 శాతం బోర్డ్ తీసుకుంటే ఒక్కో వోచర్‌కి ఎఫ్ఎన్ కీ పట్టుకుని ఇంకో కీ నొక్కాలి, ఆల్ట్‌తో కలిపి నొక్కేవి ఉంటే మూడు వేళ్ళు, మార్చి నెలాఖర్లో ఆ పని చేసి చూడండి తెలుస్తది. ఎక్సెల్‌లో ఎఫ్2, ఎఫ్4 కూడా ఇంతే. నంబర్ ప్యాడ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, చూడకుండా అంకెలు కొట్టే అలవాటు ఉన్న చేతికి పై వరసలో 1 నించి 0 దాకా వెతుక్కోమంటే పిచ్చెక్కుద్ది.

తెలుగు టైపింగ్ చేసేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, ఇది ఏ రివ్యూలోనూ చెప్పరు. విండోస్‌లో వచ్చే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ వాడేవాళ్ళు చూసుకోవాల్సింది 1 కి ఎడమ పక్కన, ట్యాబ్ పైన ఉండే కీ. ఉత్తగా నొక్కితే ొ గుర్తు, షిఫ్ట్‌తో నొక్కితే ఒ, రెండూ దాంట్లోనే ఉండాయి. 60 శాతం బోర్డుల్లో ఆ జాగాలో ఎస్కేప్ కూర్చుని ఉంటది. అంటే రొయ్య అని కొట్టాలన్నా, పొలం అని కొట్టాలన్నా, ఒంగోలు అని ఊరి పేరు కొట్టాలన్నా ప్రతిసారీ ఎఫ్ఎన్ పట్టుకోవాలి. దస్తావేజులు రాసేవాళ్ళు, డీటీపీ వాళ్ళు కొనే ముందు ఈ ఒక్క కీ యాడుందో ఫోటోలో చూసుకోండి. ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునే వాళ్ళకి ఈ బాధ లేదు.

మరి గేమ్ ఆడేవాళ్ళు ఫుల్ సైజ్ ఎందుకు వద్దంటారంటే మౌస్‌కి జాగా ఉండదని. ఫుల్ సైజ్ బోర్డ్ వెడల్పు సుమారు 44 సెంటీమీటర్లు, టీకేఎల్ 36 చుట్టుపక్కల. మౌస్ స్పీడ్ తక్కువ పెట్టుకుని చేయంతా తిప్పి ఆడేవాళ్ళకి ఆ 8 సెంటీమీటర్లు నిజంగానే తేడా, అందులోనూ మన టేబుళ్ళు చిన్నవి, పక్కన ప్రింటర్ కూడా ఉంటది. దీనికి మధ్యే మార్గం 96 శాతం అని అమ్మేవి, నంబర్ ప్యాడ్ ఉంటది, ఎఫ్ వరస ఉంటది, కీల మధ్య ఖాళీలు తీసేసి దగ్గరికి చేర్చి ఉంటారు. టాలీ, గేమ్ రెండూ ఉన్నోళ్ళకి నేను చెప్పేది ఇదే. రోజంతా అంకెలతో పని లేకపోతే టీకేఎల్ కానీ 75 శాతం కానీ తీసుకోండి, ఎప్పుడన్నా అవసరం పడితే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా తక్కువలోనే దొరుకుద్ది, గేమ్ టైమ్‌లో తీసి సొరుగులో పడేయొచ్చు. 60 శాతం మాత్రం ఆఫీస్ పని ఉన్న ఏ మనిషికీ నేను చెప్పను.

సౌండ్ సంగతి ఇంట్లో వాళ్ళని అడిగి తేల్చుకోండి

బ్యాంకుల్లో, గవర్నమెంట్ ఆఫీసుల్లో కౌంటర్ అవతల నించి టకటకటక అని వినిపిస్తుంటది చూడండి, అది చాలా చోట్ల టీవీఎస్ గోల్డ్ కీబోర్డ్. ఆ సౌండ్ క్లిక్కీ స్విచ్‌లది, వీటినే బ్లూ అంటారు, ప్రతి నొక్కుకీ లోపల క్లిక్ మని కొడుతుంది. టైపింగ్‌కి హాయిగా ఉంటాయి, దాంట్లో డౌట్ లేదు, కానీ మన ఇళ్ళల్లో ఎట్టా ఉంటది? రోహిణీ కార్తెలో ఏసీ ఉన్న ఒక్క రూములోకి ఇంటిల్లిపాదీ చేరతారు, అదే రూములో మూల మీ టేబుల్, రాత్రి పదకొండుకి మీరు బ్లూ స్విచ్‌లతో గేమ్ ఆడితే అమ్మ ముందు కీబోర్డ్ తిడుతుంది, తర్వాత మిమ్మల్ని. ఆన్‌లైన్ మీటింగ్‌లో మైక్‌లో కూడా వాయిస్తది.

రెడ్ అంటే లీనియర్, అడ్డు లేకుండా నున్నగా దిగుద్ది, క్లిక్ ఉండదు. చెర్రీ కంపెనీ ఎంఎక్స్ రెడ్ లెక్క తీసుకుంటే 45 గ్రాముల బలం చాలు, 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది, మొత్తం దిగేది 4 మిల్లీమీటర్లు. గేమ్స్‌కి ఇదే ఎక్కువమంది వాడేది. బ్రౌన్ అంటే మధ్యలో చిన్న గుబ్బ తగిలినట్టు ఉంటది, సౌండ్ తక్కువ, వేలికి తెలుస్తది. టైపింగ్ ఎక్కువ, గేమ్ తక్కువ అయితే బ్రౌన్, గేమ్ ఎక్కువ అయితే రెడ్, ఇంట్లో ఒంటరిగా ఉంటే మాత్రం బ్లూ మీ ఇష్టం. రెడ్ కూడా పూర్తిగా సైలెంట్ కాదండోయ్, కీ అడుగుకి తగిలే దబదబ ఉంటది, మెంబ్రేన్‌తో పోలిస్తే ఎక్కువే. వేలు ఊరికే ఆనించినా అక్షరం పడిపోయే గుణం కూడా ఉంది దానికి, మొదటి వారం తప్పులు ఎక్కువ పడతాయి, తర్వాత చెయ్యి సర్దుకుంటది.

ఈ రంగుల పద్ధతి తెచ్చింది జర్మనీ చెర్రీ కంపెనీ, ఎంఎక్స్ డిజైన్ 1980ల నాటిది. పేటెంట్ గడువు అయిపోయాక 2010ల్లో గేటరాన్, కైల్, అవుటెము లాంటి చైనా కంపెనీలు అదే కొలతలతో చేయడం మొదలెట్టాయి, మనకి ఈ రేట్లకి దొరుకుతున్నది ఆ పుణ్యమే. రంగు ఒకటే అయినా కంపెనీ మారితే బరువు కొంచెం అటూ ఇటూ ఉంటది, కాబట్టి రంగు చూసి గుడ్డిగా నమ్మకుండా కుదిరితే వేలితో నొక్కి చూసే కొనండి.

హాట్ స్వాప్ ఉంటే వంద రెండొందలు ఎక్కువైనా పెట్టండి

హాట్ స్వాప్ అంటే స్విచ్‌ని సోల్డరింగ్ లేకుండా చేత్తో పీకి కొత్తది గుచ్చుకోవచ్చు. తక్కువ రేటు బోర్డుల్లో ఏదో ఒక రోజు ఒక స్విచ్ తేడా చేస్తది, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడతాయి, సాధారణంగా అది బాగా వాడే ఏ, ఈ, స్పేస్ లాంటి దాంట్లోనే వస్తది. హాట్ స్వాప్ అయితే స్క్రోల్ లాక్ కింద స్విచ్ తీసి అక్కడ పెట్టేస్తే పని అయిపాయె, స్క్రోల్ లాక్ ఎవడికి కావాలి. అది లేకపోతే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చిన మనిషిని వెతకాలి. ఒక్కటి చూసుకోండి, చౌక బోర్డుల్లో కొన్నిట్లో సాకెట్లు సన్న కాళ్ళ స్విచ్‌లకే పడతాయి, స్విచ్ అడుగున 3 పిన్నులున్నవి పడతాయా 5 పిన్నులున్నవి పడతాయా అన్నది కూడా స్పెసిఫికేషన్‌లో ఉంటది, విడిగా స్విచ్‌లు కొనే ముందు అది చదవండి.

స్పేస్ బార్‌ని మధ్యలో కాకుండా రెండు చివర్లా నొక్కి చూడండి. గలగలమని తీగ ఊగిన సౌండ్ వస్తే కింద స్టెబిలైజర్, అంటే పొడుగు కీ వంకరగా దిగకుండా పట్టే తీగ, వదులుగా ఉన్నట్టు, ఎంటర్, బ్యాక్‌స్పేస్, ఎడమ షిఫ్ట్ కూడా అట్టాగే చూడాలి. కొంచెం సిలికాన్ గ్రీజు పూస్తే తగ్గుద్ది కానీ మరీ ఎక్కువ ఉంటే ఆ పీస్ వద్దు.

కీక్యాప్స్‌లో ఏబీఎస్, పీబీటీ అని రెండు రకాల ప్లాస్టిక్. మన నెల్లూరు ఎండలకి చేతులు ఎప్పుడూ చెమటే, ఏబీఎస్ అయితే కొన్ని నెలలకే నూనె రాసినట్టు మెరుస్తది, పీబీటీ గరుకుగా ఉండి ఎక్కువ రోజులు అట్టాగే ఉంటది. డబుల్ షాట్ అని రాసుంటే అక్షరాలు వేరే ప్లాస్టిక్‌తో పోసినట్టు, చెరిగిపోవు.

గేమ్ కోసం నిజంగా చూడాల్సినవి రెండే

ఒకటి ఎన్ కీ రోల్ ఓవర్, అంటే ఎన్ని కీలు ఒకేసారి నొక్కినా అన్నీ పడాలి. రెండోది కనెక్షన్. వైరు కానీ 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ (పీసీ యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైర్‌లెస్ ముక్క) కానీ గేమ్‌కి, బ్లూటూత్ ఆఫీస్ ల్యాప్‌టాప్‌కి. బ్లూటూత్‌లో లేటు ఉంటది, వాలరెంట్ దాంతో ఆడకండి. వైర్‌లెస్ వద్దనుకుంటే అదే రేటుకి వైర్డ్‌లో ఇంకా మంచి బోర్డ్ వస్తది, పోతే కేబుల్ మార్చుకునేలా టైప్ సీ పోర్ట్ ఉన్నది చూడండి.

ఇప్పుడు మ్యాగ్నెటిక్ స్విచ్‌లు అని కొత్తగా వస్తున్నాయి, కీ ఎంత లోతులో పని చేయాలో మనమే సెట్ చేసుకోవచ్చు, వేలు కాస్త లేపగానే కీ వదిలినట్టు లెక్కేసే ర్యాపిడ్ ట్రిగర్ కూడా ఉంటది. బాగుంటాయి కానీ పని కోసం అవసరం లేదు. వాటితో వచ్చే స్నాప్ ట్యాప్ (ఎడమ, కుడి కీలు రెండూ నొక్కి ఉన్నా ఆఖర్న నొక్కిందే లెక్కలోకి తీసుకునేది) లాంటి ఫీచర్లని కౌంటర్ స్ట్రైక్ 2 లో వాల్వ్ కంపెనీ 2024 ఆగస్టులోనే బ్యాన్ చేసింది, ఆ ఫీచర్ చూపించి ఎక్కువ రేటు చెప్తే ఒప్పుకోకండి.

యాడ కొనాలి, తెచ్చాక ఏం చూడాలి

నెల్లూరు వాళ్ళకి చెన్నై రిచీ స్ట్రీట్ ఉంది, సెంట్రల్‌లో దిగితే దగ్గరే, బేరం చేయగలిగితే పోండి, ఆదివారం మాత్రం చాలా షాపులు మూసుంటాయి. కానీ ఒక్క కీబోర్డ్ కోసం రైలెక్కడం నాకైతే దండగ అనిపిస్తది. లోకల్ షాపులో రేటు కొంచెం ఎక్కువ ఉన్నా చేత్తో నొక్కి చూడొచ్చు, పాడైతే పోయి నిలబడొచ్చు. ఆన్‌లైన్‌లో రెడ్‌రాగన్, కాస్మిక్ బైట్, ఆంట్ ఈస్పోర్ట్స్, ఆర్‌కే, ఆలా లాంటివి ఈ రేట్లలో దొరుకుతాయి, పండగ సేల్స్‌లో ఇంకా తగ్గుతాయి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకోండి, 18 శాతం మిగులుతుందని బిల్లు లేకుండా కొంటే వారంటీ అడగడానికి చేతిలో ఏమీ ఉండదు. సర్వీస్ సెంటర్ యాడుంది, కొరియర్ ఖర్చు ఎవరిది అని ముందే అడగండి.

ఆన్‌లైన్‌ది అయితే బాక్స్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. అదే రోజు నెట్‌లో కీబోర్డ్ టెస్టర్ అని వెతికి ప్రతి కీ నొక్కి చూడండి, డబ్ల్యూ, డి, షిఫ్ట్, స్పేస్ నాలుగూ కలిపి నొక్కి అన్నీ వెలుగుతున్నాయో లేదో చూడండి, రెండేసి అక్షరాలు పడే కీ ఉందేమో నోట్‌ప్యాడ్‌లో చూడండి. ఇదంతా రిటర్న్ గడువులోపు అయిపోవాలి.

రిటర్న్ పెట్టే ముందు రెండు విషయాలు చూసుకోండి, ఇవి పాడైనట్టు కనిపిస్తాయి కానీ పాడవవు. డబ్ల్యూ, ఏ, ఎస్, డి నొక్కితే అక్షరాలు రాకుండా బాణాల్లాగా పని చేస్తుంటే, చాలా బోర్డుల్లో ఎఫ్ఎన్ పట్టుకుని డబ్ల్యూ నొక్కితే అవి అట్టా మారిపోతాయి, మళ్ళీ అదే నొక్కితే మామూలైపోతాయి. విండోస్ కీ పని చేయకపోతే అది గేమ్ మోడ్ లాక్, ఎఫ్ఎన్, విండోస్ కీ కలిపి నొక్కి చూడండి. రాత్రి గేమ్ కోసం అది లాక్ చేసి పడుకుంటే పొద్దున తెలుగు మార్చడానికి విండోస్, స్పేస్ నొక్కినా మారదు, ఆ లాక్ తీసేస్తే మారుద్ది.