దత్తతకు దరఖాస్తు పెట్టేముందు

“ఫలానా నర్సింగ్ హోమ్‌లో పాప ఉందట, డబ్బు కడితే రేపే ఇస్తారట” అని ఎవరైనా చెబితే అక్కడే ఆగండి. బిడ్డను కొన్నవారికి 5 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని ప్రభుత్వ శిశు విహార్‌లో ఉన్న పిల్లల కోసమైనా కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ ‘కారా’ పోర్టల్లోనే నమోదు కావాలి.

వయసు లెక్క ముందే చూసుకోండి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. పెళ్లయి కనీసం రెండేళ్లు కావాలి. ఒంటరి మగవారికి ఆడపిల్లను ఇవ్వరు.

ఇంటికి సోషల్ వర్కర్ వస్తారు. సోఫాలు మార్చనక్కర్లేదు, ఆవిడ చూసేది వాటిని కాదు. జీతం, జబ్బులు, అత్తగారి అభిప్రాయం, అన్నీ అడుగుతారు. ఏదీ దాచకండి. అత్తగారితో ఆ మాట ఆరోజు కాదు, అంతకుముందే తేల్చుకోవాలి!

ఎదురుచూపులకు ఏళ్లు పట్టొచ్చు. బిడ్డ వివరాలు వచ్చాక మాత్రం 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. అందుకే నమ్మకమైన పిల్లల డాక్టర్‌తో ముందే మాట్లాడి ఉంచుకోండి, మెడికల్ రిపోర్టు చూపించాలి కదా. ఆ టెన్షన్‌లో డాక్టర్‌ను వెతకడం మీ వల్ల కాదు.

దత్తత ఉత్తర్వు ఇప్పుడు కోర్టు కాదు, కలెక్టర్ ఇస్తారు. తర్వాత రెండేళ్లు, సోషల్ వర్కర్ ఆరు నెలలకోసారి వచ్చి చూసి వెళ్తారు.

ఆఫీసులో సెలవు మాట ముందే అడగండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రులు బిడ్డ ఏడుస్తుంది, మీకూ నిద్ర ఉండదు.