మనవలను చూసేందుకు కోర్టుకు వెళ్లే ముందు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. కొడుకో కూతురో దూరమై, మనవల ముఖం చూడటమే కరువైన పెద్దవాళ్లు ముందుగా ఇవి చూసుకోండి.

• బడి దగ్గర నుంచి బిడ్డను చెప్పకుండా తీసుకురావద్దు. ప్రేమతోనే చేసినా, సంరక్షకుల అనుమతి లేకపోతే భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ కింద అపహరణ కేసు మెడకు చుట్టుకోవచ్చు. ఆ తర్వాత కోర్టులో మీ మాట చెల్లడం చాలా కష్టం.

• పిటిషన్ మీ ఊళ్లో కాదు, బిడ్డ నివసించే ఊళ్లో వేయాలి. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం, మీరు రాజమండ్రిలో, మనవడు హైదరాబాద్‌లో ఉంటే హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టుకే వెళ్లాలి.

• ‘మా హక్కు’ అని వాదించకండి. కోర్టు చూసేది బిడ్డ సంక్షేమం. బీరువాలో మడిచి దాచిన టీకాల కార్డు, మీరు కట్టిన ఫీజు రసీదులు, అన్నప్రాశన ఫొటో బయటికి తీయండి. ఆ బిడ్డ మీ చేతుల్లో పెరిగిందని చెప్పేవి అవే.

• కోడలినో అల్లుడినో నిందిస్తూ పేజీలు నింపకండి. రేపు తలుపు తీయాల్సింది వాళ్లే.

• మేలో కోర్టులకూ సెలవులుంటాయి. కేసు తేలేలోపు మనవలను చూసేందుకు మధ్యంతర ఉత్తర్వు (తాత్కాలిక ఆదేశం) ఇప్పుడే అడగండి.

• లాయరు ఖర్చు భారమైతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం, కాబట్టి అమ్మమ్మ, నాయనమ్మ అడగవచ్చు.