తెలుగు వాక్యంలోంచి కావలసిన మాటలను పైథాన్‌తో బయటికి తీయడం ఎలా?

అల్లూరు వైపు మా బావకి రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడి (గుంటలోంచి రొయ్యలు పట్టి అమ్మే సమయం) దగ్గర పడిందంటే ఆయన ఫోన్ నిండా వాట్సాప్ గ్రూపుల రేట్లే. "30 కౌంట్ 410, 40 కౌంట్ 370" అంటూ పొద్దున్నే మొదలవుతాయి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది. ఆ మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే చదివి నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఈ పని కంప్యూటర్‌తో చేయిద్దామని కూర్చున్నాను. అప్పుడే తెలిసింది, పాఠాల్లో ఇంగ్లిష్ వాక్యాల మీద చక్కగా నడిచేవి తెలుగు మీద అన్నీ అలాగే నడవవని. నేను నేర్చుకున్న వరసలోనే చెబుతాను. ధరలు ఉదాహరణకు వేసినవి.

ముందుగా

కంప్యూటర్‌లో పైథాన్ 3 (ప్రోగ్రాములు రాసుకునే భాష) ఉండాలి. లేకపోతే బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ (పైథాన్ నడిపే వెబ్ పేజీ) తెరిచినా చాలు. ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. స్ప్లిట్, ప్రింట్ లాంటివి మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో, అన్నీ చిన్న అక్షరాల్లో కొట్టండి. వాక్యం, మాటలు లాంటి పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 వాటిని అలాగే ఒప్పుకుంటుంది. సొంత భాషలో పేర్లు పెట్టుకుంటే కొత్తవాళ్లకు ఏది కమాండో, ఏది మనం పెట్టిన పేరో చూడగానే తెలుస్తుంది. అందుకే నాకు ఈ పద్ధతి ఇష్టం.

1. ఖాళీల దగ్గర విడగొట్టడం

వాక్యం = "నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ పడాల్సిందే, లేకపోతే నెల్లూరు పులుసు కాదు!"
మాటలు = వాక్యం.స్ప్లిట్()
ప్రింట్(మాటలు)

9 మాటలు వస్తాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మామిడికాయ కావాలంటే మాటలు[3] అనాలి. చివరి మాటకు మాటలు[-1].

స్ప్లిట్ తర్వాత బ్రాకెట్లు ఖాళీగానే ఉంచండి. చాలామంది వాటి మధ్య " " అని ఒక ఖాళీ పెడతారు. వాక్యంలో ఎక్కడైనా రెండు ఖాళీలు పక్కపక్కన పడితే అప్పుడు ఉత్తుత్తి మాటలు జాబితాలోకి వస్తాయి. ఫోన్‌లో హడావిడిగా కొట్టిన మెసేజ్‌ల్లో అలాంటివి కోకొల్లలు.

2. కామాలు, చుక్కలు వదిలించడం

పై జాబితాలో "పడాల్సిందే," మాటకి కామా, "కాదు!" మాటకి ఆశ్చర్యార్థకం అంటుకునే ఉంటాయి. వాటిని ఇలా తీసేయాలి:

మాటలు = [మాట.స్ట్రిప్(".,!?") ఫర్ మాట ఇన్ మాటలు]

స్ట్రిప్ మాటకి రెండు చివర్లనే శుభ్రం చేస్తుంది, మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోదు.

3. నమూనాతో తీయడం

ఖాళీ లేకుండా "చేపలు,రొయ్యలు,పీతలు" అని రాస్తే స్ప్లిట్‌కి అదంతా ఒకే మాట. ఇలాంటి చోట ఆర్ఈ మాడ్యూల్ (నమూనా ఇచ్చి వెతికే పైథాన్ సాధనం, స్పెల్లింగ్ re) వాడాలి. ముందు ఇంపోర్ట్ ఆర్ఈ అని ఒక వరుస రాసి, తర్వాత ఫైండ్ఆల్‌కి ఒక నమూనా ఇస్తాం. దానికి సరిపోయిన ముక్కలన్నీ అది ఏరి తెస్తుంది.

పాఠాల్లో కనిపించే, వరసగా ఉన్న అక్షరాలను పట్టుకునే నమూనా బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్. ఇంగ్లిష్‌కి బాగానే పనిచేస్తుంది. దాన్ని "నెల్లూరు" మీద నడిపితే నాకు వచ్చింది ఇది:

['న', 'ల', 'ల', 'ర']

ఊరి పేరు ముక్కలు ముక్కలైపోయింది. నా కోడ్‌లోనే తప్పుందని ఒక సాయంత్రమంతా వెతికాను. కారణం తెలుగు అక్షరాలను దాచుకునే తీరులో ఉంది. నెల్లూరు అంటే మన కంటికి నె, ల్లూ, రు అని మూడే అక్షరాలు. లెన్("నెల్లూరు") అని అడిగితే పైథాన్ 8 అంటుంది. న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం. ఇలా హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు. ఆర్ఈ మాడ్యూల్ హల్లులను అక్షరాలుగా లెక్కేస్తుంది, గుణింతాలను, పొల్లును లెక్కలోకి తీసుకోదు. గుర్తు తగిలిన ప్రతిచోటా మాట తెగిపోతుంది.

అ నుంచి హ దాకా అని "[అ-హ]+" ఇచ్చినా ఇదే జరుగుతుంది. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబర్ ఇచ్చే పట్టిక) వరసలో గుణింతాలు హ తర్వాత ఉన్నాయి, సున్న (ం) అ కంటే ముందుంది. అరసున్న దగ్గర మొదలుపెట్టి తెలుగు తొమ్మిది అంకె దాకా ఇస్తే అన్నీ లోపలికి వస్తాయి:

మాటలు = ఆర్ఈ.ఫైండ్ఆల్("[ఁ-౯]+", వాక్యం)

కామాలు, చుక్కలు వాటంతట అవే పోతాయి, కాబట్టి స్ట్రిప్‌తో పని లేదు. మామూలు అంకెలు కూడా కావాలంటే "[ఁ-౯0-9]+" అనండి.

ఇంకొక్క చిక్కు. "బస్టాండ్‌లో" అన్న మాటలో డ్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. లో అనేది డ కింద ఒత్తుగా మారకుండా ఆపేది అదే. అది తెలుగు వరసలోది కాదు, అందుకని మాట "బస్టాండ్", "లో" అని రెండవుతుంది. దాని నంబర్ 8204. నేనైతే మాటలు తీసే ముందే దాన్ని తొలగిస్తాను, ఎందుకంటే కొందరు పెడతారు, కొందరు పెట్టరు; తొలగిస్తే రెండూ ఒకటే అవుతాయి.

వాక్యం = వాక్యం.రీప్లేస్(సీహెచ్ఆర్(8204), "")

4. విభక్తులతో మారిన మాట పట్టుకోవడం

ఒంగోలు పేరున్న మాటలన్నీ కావాలనుకోండి. ఒంగోలుకి, ఒంగోలులో, ఒంగోల్లో ఇవన్నీ కంప్యూటర్‌కి వేరు వేరు. మాట.స్టార్ట్స్‌విత్("ఒంగోలు") అంటే మొదటి రెండూ దొరుకుతాయి, "ఒంగోల్లో" తప్పిపోతుంది. చివరి కొమ్ము తీసేసి "ఒంగోల" అని ఇస్తే మూడూ దొరుకుతాయి. హల్లు, గుణింతం విడివిడిగా ఉండటం ఇందాక మనల్ని ఇబ్బంది పెట్టింది, ఇక్కడ అదే సాయం చేస్తుంది.

అన్ని ఊళ్లకీ ఇది కుదరదు. కావలి, కావల్లో రెండూ పట్టుకుందామని "కావల" అని ఇచ్చాను. "కావలసిన", "కావలసినంత" కూడా ఊరి పేర్ల జాబితాలోకి వచ్చి కూర్చున్నాయి. అలాంటి పేరుకి మొదలు ఒక్కటే ఇవ్వకండి. కావలి, కావల్లో అని రెండు రూపాలూ ఇచ్చి విడివిడిగా వెతకండి.

5. రేట్లు తీయడం

సందేశం = "30 కౌంట్ 410, 40 కౌంటు - 370, 50 కౌంట్‌కి 345 ఇస్తాం"
నమూనా = "([0-9]+) *కౌంట[^0-9]*([0-9]+)"
ప్రింట్(ఆర్ఈ.ఫైండ్ఆల్(నమూనా, సందేశం))

[('30', '410'), ('40', '370'), ('50', '345')]

మామూలు బ్రాకెట్లలో ఉన్నదే మనకు తిరిగి వస్తుంది. నమూనాలో పొల్లు లేకుండా "కౌంట" అని ఆపాను. అందువల్ల కౌంట్, కౌంటు రెండూ దొరుకుతాయి. [^0-9]* అంటే అంకె తగిలేదాకా మధ్యలో ఏదున్నా సరే అని.

ఆ "ఏదున్నా సరే" దగ్గరే దెబ్బ తిన్నాను. చాట్‌ని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి మొత్తం ఒకేసారి ఇచ్చాను. ఒక మెసేజ్‌లో "50 కౌంట్ ఈరోజు తీసుకోవడం లేదు" అని ఉంది. తర్వాతి వరుస 12వ తేదీతో మొదలైంది. నమూనా వరుస దాటి వెళ్లి ఆ 12ని ధరగా తెచ్చింది. "ఏంది అబ్బయ్యా, 50 కౌంట్ పన్నెండు రూపాయలా?" అని బావ ఫోన్ చేశాడు. ఆయన చూశాడు కాబట్టి సరిపోయింది.

కాబట్టి వరుస వరుసా విడిగా ఇవ్వాలి. ఒకే వరుసలో "50 కౌంట్ లేదు, 60 కౌంట్ 320" అని ఉంటే 50కి 60 ధరగా పడకుండా కామా దగ్గర కూడా ఆపాలి:

నమూనా = "([0-9]+) *కౌంట[^0-9,]*([0-9]+)"
ఫర్ వరుస ఇన్ సందేశం.స్ప్లిట్‌లైన్స్():
    ప్రింట్(ఆర్ఈ.ఫైండ్ఆల్(నమూనా, వరుస))

దీనివల్ల "40 కౌంట్, 370" అని కామా పెట్టి రాసినవాళ్ల రేటు తప్పిపోతుంది. నా మటుకు అది ఫర్వాలేదు. దొరకని రేటు మళ్లీ అడిగి తెలుసుకోవచ్చు, తప్పు రేటు నమ్మితే సరుకే పోతుంది.

వచ్చినవి అంకెల్లా కనిపించినా పైథాన్‌కి అవి ఇంకా మాటలే. పోల్చాలన్నా, సగటు తీయాలన్నా ముందు ఇంట్('410') అని సంఖ్యగా మార్చుకోవాలి. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 (అక్షరాలను ఫైల్లో దాచే ఒక పద్ధతి) అని తప్పకుండా చెప్పండి, లేకపోతే విండోస్‌లో తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు, లేదా ఎర్రర్ వచ్చి ఆగిపోవచ్చు. బావ ఇప్పటికీ నోట్‌బుక్ మానలేదు. నేను పంపిన జాబితాని మొదటి పది రోజులు దాంతో సరిచూసుకున్నాడు. మీరు కూడా కొన్నాళ్లు అలా చేతి లెక్కతో సరిచూసుకున్నాకే దీని మీద ఆధారపడండి.