ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలంటే: మెంబర్‌షిప్ నుంచి స్టేడియం గేటు దాకా

మన వాళ్లలో చాలామంది ముందు ఫ్లైటు, తర్వాత హోటల్ బుక్ చేసుకుంటారు. మ్యాచ్ వారం రోజుల్లో ఉందనగా టికెట్ కోసం వెతకడం మొదలుపెడతారు. చివరికి నాలుగైదు రెట్లు ధర చెప్పే ఏదో వెబ్‌సైటుకో, వాట్సాప్‌లో పరిచయమైన అమ్మకందారుకో దొరికిపోతారు. ఇందులో తప్పు వరుసదే. ముందు క్లబ్బు మెంబర్‌షిప్, ఆపైన మ్యాచ్ తేదీ ఖరారు, ఆపైన టికెట్, అది చేతికొచ్చాకే రైలు, హోటల్. చదువుకోసం యూకేలో ఉన్నవాళ్లకైనా, వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకైనా ఇదే వరుస.

లీగ్‌లో 20 క్లబ్బులు. ఒక్కో క్లబ్బు సీజన్‌కు 38 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో 19 మాత్రమే సొంత మైదానంలో. ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తుంది కాబట్టి జూన్, జులై నెలల్లో వెళ్లేవాళ్లకు స్టేడియం టూర్ తప్ప లీగ్ మ్యాచ్ దొరకదు. మాంచెస్టర్ యునైటెడ్ ఆడే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సుమారు 74 వేలు, లివర్‌పూల్ ఆడే యాన్‌ఫీల్డ్‌లో 61 వేలు, ఆర్సెనల్ ఆడే ఎమిరేట్స్‌లో 60 వేలకు పైగా సీట్లున్నాయి. ఇన్ని సీట్లున్నా ఈ మూడు చోట్లా టికెట్ అందరికీ అమ్మే దశకు రావడం అరుదు. చాలా సీట్లు సీజన్ టికెట్ (సొంత మైదానంలో జరిగే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకే టికెట్) ఉన్నవాళ్లవే. మిగిలినవి ఎక్కువగా మెంబర్లకు వెళ్తాయి.

మెంబర్‌షిప్ ఎలా పనిచేస్తుంది

మెంబర్‌షిప్ అంటే టికెట్ కాదు, టికెట్ అడిగే హక్కు. పెద్ద క్లబ్బుల్లో పెద్దవాళ్లకు సీజన్‌కు దాదాపు 30 నుంచి 50 పౌండ్లు అవుతుంది. మఫ్లర్, బ్యాడ్జీ లాంటివి వచ్చే గిఫ్ట్ ప్యాకు ఉన్నది ఖరీదు ఎక్కువ, అవేమీ లేనిది చౌక. టికెట్ విషయంలో రెండింటి హక్కూ సాధారణంగా ఒకటే, కాబట్టి ప్యాకు లేనిదే తీసుకోండి. మెంబర్‌షిప్ సీజన్ మొదలయ్యే ముందే, అంటే జూన్, జులైలోనే కొనాలి. మ్యాచ్‌కు నెల ముందు కొంటే ఆ మ్యాచ్ సేల్ అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఒక మెంబర్‌షిప్‌కు ఒక్కటే టికెట్. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు వెళ్లాలంటే నాలుగు మెంబర్‌షిప్‌లు కావాలి, పిల్లలకు జూనియర్ రకం ఉంటుంది. నాలుగింటినీ క్లబ్బు వెబ్‌సైటులో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ లాంటి విభాగంలో ముందుగానే ఒకదానికొకటి కలిపి పెట్టండి. సేల్ రోజున కలుపుదామనుకుంటే, అవతలి వాళ్ల ఖాతాలోంచి అంగీకారం వచ్చేలోపు సీట్లు పోతాయి. విడివిడిగా కొంటే పక్కపక్క సీట్లు రావు. పిల్లలను దూరంగా కూర్చోబెట్టే పరిస్థితి వస్తుంది.

ఇక అమ్మే పద్ధతులు రెండు. ఒకటి బ్యాలట్, అంటే లాటరీ: గడువులోపు పేరు ఇస్తారు, తగిలితే టికెట్. ఆర్సెనల్ తన ‘రెడ్’ అనే సాధారణ మెంబర్లకు ఇలాగే ఇస్తుంది. లివర్‌పూల్ ఇటీవలి సీజన్లలో సీజన్‌ను రెండు సగాలుగా చేసి డ్రా తీస్తోంది. లాటరీలో గడువు మొదటి నిమిషంలో పేరిచ్చినా, చివరి నిమిషంలో ఇచ్చినా అవకాశం సమానమే, కంగారు అక్కర్లేదు. రెండోది ముందొచ్చినవారికి ముందు. ఇక్కడ మాత్రం నిమిషాలే లెక్క. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని కొనేవాళ్లు గడియారం చూసుకోవాలి. అక్కడ ఉదయం 10 గంటలంటే మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా మనకు మధ్యాహ్నం 2:30, మిగతా నెలల్లో 3:30. అరగంట ముందే లాగిన్ అయి వెయిటింగ్ రూమ్‌లో ఉండండి. క్యూలో పడ్డాక పేజీ రిఫ్రెష్ చేయకండి, ఒకే ఖాతాను మూడు ఫోన్లలో తెరవకండి. చాలా వ్యవస్థలు దాన్ని యంత్రం పనిగా భావించి బయటికి నెట్టేస్తాయి.

ఇండియన్ కార్డుతో కట్టేవాళ్లకు ఇక్కడో పెద్ద చిక్కు ఉంది. రిజర్వ్ బ్యాంకు 2020 నుంచి అమలు చేస్తున్న నిబంధన వల్ల కొత్త కార్డులు దేశంలో వాడకానికే పనిచేస్తాయి. విదేశీ లావాదేవీలను మీరే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పరిమితి పెంచుకోవాలి. కొన్ని క్లబ్బులు లాటరీ తగలగానే ముందు ఇచ్చిన కార్డు నుంచి డబ్బు వాటంతటవే తీసుకుంటాయి. అప్పుడు ఓటీపీ కొట్టే మనిషి ఎదురుగా ఉండడు కాబట్టి ఇండియన్ కార్డు తిరస్కరించే ప్రమాదం ఎక్కువ, తగిలిన టికెట్ చేజారుతుంది. యూకే బ్యాంకు ఖాతా ఉన్న బంధువు కార్డు పెట్టడం మేలు. మీ కార్డే వాడితే, ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు కూడా ఓటీపీ వచ్చేలా ఇండియా సిమ్‌కు రోమింగ్ ఉంచుకోండి.

లాటరీలో రాకపోతే

ఇక్కడ నిరాశపడి దళారుల దగ్గరికి వెళ్లకండి, ఎందుకంటే అసలు అవకాశం చాలాసార్లు ఇప్పుడే మొదలవుతుంది. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు రాలేని మ్యాచ్‌కు తమ సీటును క్లబ్బు సొంత ఎక్స్ఛేంజ్‌లో పెడతారు. మెంబర్లు దాన్ని అసలు ధరకో, దానికి దగ్గరగానో కొనొచ్చు. మ్యాచ్ దగ్గరపడేకొద్దీ సీట్లు ఎక్కువ వస్తాయి, ముఖ్యంగా చివరి రెండు రోజుల్లో. ఒక సీటు దొరకడం తేలిక, రెండు పక్కపక్కనే దొరకడం కష్టం, నలుగురికి దొరకడం దాదాపు అసాధ్యం. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఎక్స్ఛేంజ్‌ను నమ్ముకోకుండా మ్యాచ్‌ను మార్చుకోవడం మంచిది.

ఏ మ్యాచ్ ఎంచుకున్నారన్నదే సగం ఫలితం తేలుస్తుంది. యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్ లాంటివి తమలో తాము ఆడే మ్యాచ్‌లకు కొత్త మెంబరుకు టికెట్ దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. పట్టికలో కింద ఉన్న జట్టు వచ్చే మ్యాచ్, లీగ్‌తో సంబంధం లేని నాకౌట్ పోటీల్లో లీగ్ కప్ తొలి దశ మ్యాచ్‌లు, జనవరిలో ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్‌లో చిన్న క్లబ్బుతో ఆట: ఇలాంటివి చూడండి, టికెట్ ధర కూడా తక్కువే ఉంటుంది. మహిళల సూపర్ లీగ్ మ్యాచ్‌లకు మెంబర్‌షిప్ లేకుండానే, చాలా తక్కువ ధరకు టికెట్ దొరుకుతుంది. ఎమిరేట్స్‌ను లోపల్నుంచి చూడాలన్న కోరిక ఉన్న కుటుంబానికి ఆర్సెనల్ మహిళల మ్యాచ్ కన్నా మంచి దారి లేదు. లండన్‌లో ఉండి అసలైన ఇంగ్లిష్ ఫుట్‌బాల్ వాతావరణం చూడాలంటే రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కు వెళ్లండి. చాలా మ్యాచ్‌లకు టికెట్లు అందరికీ అమ్ముతారు.

బ్లాకు టికెట్ల సంగతి కచ్చితంగా చెప్పాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం ప్రకారం నేరం. సినిమాకూ, సంగీత కచేరీకీ లేని ప్రత్యేక నిబంధన ఇది. ఆ టికెట్ వేరొకరి మెంబర్‌షిప్ మీద ఉంటుంది. గేటు దగ్గర ఫోటో గుర్తింపు అడిగితే అక్కడితో సరి, డబ్బు తిరిగి రాదు. మ్యాచ్ అయ్యేదాకా తమ ఫోనే మీ చేతికిచ్చి, హామీగా పాస్‌పోర్టు అడిగేవాళ్లు కూడా ఉన్నారు. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకండి. డబ్బు పెట్టగలిగితే క్లబ్బు సొంత వెబ్‌సైటులో అమ్మే, సీటుతో పాటు తిండీ తాగుడూ కలిపి ఉండే హాస్పిటాలిటీ ప్యాకేజీ ఖరీదైనా చట్టబద్ధం, సీటు ఖాయం.

తేదీ మారుతుంది, కచ్చితంగా మారుతుంది

షెడ్యూలు జూన్‌లో వస్తుంది. అందులో దాదాపు అన్నీ శనివారం మధ్యాహ్నం 3 గంటలకే కనిపిస్తాయి. అవి తాత్కాలికం. టీవీ సంస్థలు ఎంచుకున్న మ్యాచ్‌లు శనివారం 12:30, 5:30, ఆదివారం 2:00, 4:30, సోమవారం రాత్రి 8:00 లాంటి సమయాలకు జరుగుతాయి. గురువారం యూరప్ పోటీ ఆడిన జట్టు మ్యాచ్ ఆదివారానికి వెళ్తుంది. కప్పు పోటీలో ముందుకెళ్తే లీగ్ మ్యాచ్ ఏకంగా వేరే వారానికి పోవచ్చు. సాధారణంగా నెల, నెలన్నర ముందు టీవీ ఎంపికలు ప్రకటిస్తారు. అప్పటిదాకా డబ్బు వాపసు రాని రైలు టికెట్ గానీ హోటల్ గానీ కొనకండి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఆ ఊళ్లోనే, లేదా చేరువలో ఉండేలా చూసుకుంటే ఆ వారాంతంలో ఏ మార్పు వచ్చినా మ్యాచ్ చేజారదు.

లండన్ యూస్టన్ నుంచి లివర్‌పూల్‌కు, మాంచెస్టర్‌కు రైల్లో దాదాపు రెండుంపావు గంటలు పడుతుంది. చౌకైన అడ్వాన్స్ టికెట్ ఒక్క నిర్దిష్ట రైలుకే చెల్లుతుంది. రైలు బయల్దేరకముందే మార్చుకుంటే 10 పౌండ్ల రుసుము, పైన ధరలో తేడా కట్టాలి. మ్యాచ్ ముగిశాక ఎక్కే రైలుకు కిక్-ఆఫ్ (ఆట మొదలు) నుంచి కనీసం మూడున్నర గంటల తేడా పెట్టండి. రెండు 45 నిమిషాలు, 15 నిమిషాల విరామం, అదనపు సమయం కలిపి ఆటకే రెండు గంటలు, బయటికొచ్చి స్టేషన్ చేరడానికి గంట. రాత్రి 8 గంటల మ్యాచ్ లివర్‌పూల్‌లోనో మాంచెస్టర్‌లోనో అయితే ఆ రాత్రే లండన్ చేరే రైలును లెక్కలో పెట్టుకోకండి, గది తీసుకోండి. విద్యార్థులు రైల్‌కార్డు తీసుకుంటే మూడో వంతు తగ్గుతుంది. పాతికేళ్లు దాటినా ఫుల్‌టైమ్ మాస్టర్స్ చేస్తున్నవాళ్లకు ఈ కార్డు ఇస్తారని చాలామందికి తెలియదు. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులతో మార్గాలు మారుతుంటాయి, ముందురోజు మళ్లీ చూసుకోండి.

మైదానానికి దారి

ఎమిరేట్స్‌కు వెళ్లడం అన్నిటికన్నా తేలిక. లండన్ భూగర్భ రైలు పికడిలీ లైన్‌లో ఆర్సెనల్ అనే స్టేషనే ఉంది, 1932లో క్లబ్బు పేరు పెట్టారు. వెళ్లేటప్పుడు అక్కడ దిగండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ ఇరుకు వీధిలో క్యూ కదలదు. ఫిన్స్‌బరీ పార్క్‌కు గానీ, హైబరీ అండ్ ఇస్లింగ్‌టన్‌కు గానీ నడిచి వెళ్తే త్వరగా ఎక్కుతారు. మ్యాప్‌లో దగ్గరగా కనిపించే హాలోవే రోడ్ స్టేషన్ మీద మ్యాచ్ రోజుల్లో ఆంక్షలుంటాయి, దాన్ని నమ్ముకోకండి.

యాన్‌ఫీల్డ్‌కు దగ్గర్లో రైల్వే స్టేషన్ లేదు. లివర్‌పూల్ ప్రధాన స్టేషన్ లైమ్ స్ట్రీట్‌లో దిగాక మూడు కిలోమీటర్ల పైచిలుకు, అదీ ఎత్తు మీదికి, నడిస్తే ముప్పావు గంట. క్వీన్ స్క్వేర్ నుంచి 17 నంబర్ బస్సు మామూలు రోజుల్లో కూడా ఉంటుంది. మ్యాచ్ రోజున సెయింట్ జాన్స్ లేన్ నుంచి 917 ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది, అదే మేలైనది. మెర్సీరైల్ అనే స్థానిక రైల్లో శాండ్‌హిల్స్ స్టేషన్‌కు వెళ్లి అక్కడ మ్యాచ్ రోజు స్టేడియానికి నడిచే సాకర్‌బస్ ఎక్కడం మరో దారి. ఇక్కడ జాగ్రత్త: 2025 నుంచి అదే ఊరి మరో క్లబ్బు ఎవర్టన్ కొత్త స్టేడియం కూడా శాండ్‌హిల్స్‌కు దగ్గర్లోనే, రేవు వైపు ఉంది. ఎవర్టన్ పురుషుల జట్టు ఇప్పుడు గుడిసన్ పార్క్‌లో ఆడటం లేదు. పాత సమాచారం పట్టుకుని వెళ్తే తప్పు మైదానం ముందు నిలబడతారు.

ఓల్డ్ ట్రాఫర్డ్‌కు మెట్రోలింక్ ట్రామ్. ఆల్ట్రింకమ్ లైన్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్ స్టాపు ఉంది గానీ అది క్రికెట్ మైదానం పక్కన. ఫుట్‌బాల్ స్టేడియానికి అక్కణ్నుంచి పది నిమిషాల నడక. ట్రాఫర్డ్ సెంటర్ వెళ్లే ట్రామ్‌లో వార్ఫ్‌సైడ్ స్టాపు మరింత దగ్గర. ట్రామ్ స్టాపుల్లో గేట్లుండవు. బ్యాంకు కార్డును ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి స్టాపులోని కార్డ్ రీడర్‌కు తాకించాలి. మరచిపోతే ఎక్కువ ఛార్జీ గానీ జరిమానా గానీ పడుతుంది.

గేటు దగ్గర

ఇప్పుడు టికెట్ ఎక్కువగా ఫోన్ వాలెట్‌లోకి వచ్చే పాస్. చాలా చోట్ల ఫోన్‌ను యంత్రానికి ఆనిస్తేనే తలుపు తిరుగుతుంది, స్క్రీన్‌షాట్ పనికిరాదు. స్టేడియం చుట్టూ వేలమంది ఒకేసారి ఉండటంతో నెట్ ఆగిపోతుంది కాబట్టి ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి, ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్‌ను యంత్రానికి ఆనించి వాడే సదుపాయం) ఆన్ చేసి, బ్యాటరీ నింపుకుని వెళ్లండి. పిల్లల టికెట్లు ఎవరి ఫోన్లో ఉండాలో ముందే చూసుకోండి, కొన్ని క్లబ్బులు ఒక ఫోన్లో ఒక్క పాసే ఉంచనిస్తాయి. ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగుంటే చాలా చోట్ల లోపలికి రానివ్వరు. సూట్‌కేసుతో నేరుగా స్టేడియానికి వెళ్లే పని పెట్టుకోకండి. గాజు సీసాలు, డబ్బాలు కుదరవు. లోపల నగదు తీసుకోరు. మాంసం తిననివాళ్లకు చిప్స్, చీజ్ అండ్ ఆనియన్ పై దొరుకుతాయి గానీ కడుపునిండా తిని వెళ్లడమే మంచిది. బీరు లోపలి వరండాలో తాగొచ్చు, ఆట కనిపించే సీటు దగ్గరికి తేకూడదు, మైదానాల్లో మద్యంపై 1985లో వచ్చిన చట్టం ఒప్పుకోదు.

హోమ్ అభిమానుల స్టాండులో ఎదుటి జట్టు చొక్కా వేసుకుంటే బయటికి పంపేస్తారు. ఎదుటి జట్టు గోల్‌కు ఆనందం కూడా లోలోపలే. నిలబడి చూసేందుకు ముందు కమ్మీ ఉండే ‘రైల్ సీట్ల’ బ్లాకులో, లివర్‌పూల్ కాప్ లాంటి స్టాండులో మ్యాచ్ అంతా జనం నిలబడే ఉంటారు. పొట్టిగా ఉన్న పిల్లలకు ఏమీ కనిపించదు, వాళ్లతో వెళ్తే ఫ్యామిలీ స్టాండు ఎంచుకోండి. డిసెంబర్‌లో నాలుగు గంటలకే చీకటి పడుతుంది, కదలకుండా రెండు గంటలు కూర్చోవాలి. థర్మల్స్, గ్లౌజులు, మందపాటి సాక్సులు లేకపోతే రెండో సగం చూడలేరు. ముందు వరసల్లో పైకప్పు ఉన్నా వాన జల్లు తగులుతుంది. గొడుగు బదులు హుడ్ ఉన్న జాకెట్ వేసుకోండి.

మంచు వల్ల మ్యాచ్ వాయిదా పడితే టికెట్ సాధారణంగా కొత్త తేదీకి చెల్లుతుంది, రాలేనివాళ్లు క్లబ్బు చెప్పిన గడువులోపు డబ్బు వాపసు అడగాలి. రైలుకూ హోటలుకూ పెట్టిన ఖర్చు క్లబ్బు ఇవ్వదు. అందుకే చలికాలంలో కొన్ని పౌండ్లు ఎక్కువైనా రద్దు చేసుకోగలిగే గదే తీసుకోండి.