ఉబుంటు అప్‌గ్రేడ్ మధ్యలో ఆగితే నేను చేసింది

నా కంప్యూటర్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ నుంచి 24.04కి వెళ్తుంటే అప్‌గ్రేడ్ చివర్లో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద కెర్నల్ ప్యానిక్ (సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ ముందుకు వెళ్లలేక ఆగిపోవడం), రూట్ ఫైల్ సిస్టమ్ (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే చోటు) మౌంట్ కావట్లేదని, అంటే తెరుచుకోవట్లేదని ఒక లైను. అమ్మ పింఛను కాగితాల స్కాన్‌లన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్ పడ్డాను. ఆ లైను చూస్తే డిస్క్ పోయిందనిపిస్తుంది. నా విషయంలో డిస్క్‌కి ఏమీ కాలేదు. కొత్త కెర్నల్ వచ్చింది గానీ, దానితో పాటు ఉండాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు (ఆన్ అయ్యేటప్పుడు డిస్క్‌ని తెరవడానికి కెర్నల్ వాడేది) తయారు కాలేదు.

ఆన్ చేయగానే ఎస్కేప్ నొక్కితే ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వచ్చింది (పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ పట్టుకోవాలి). అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకుంటే సిస్టమ్ లేచింది. ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. రిపేరు సంగతి ఆ తర్వాతే.

టెర్మినల్‌లో 'డీఎఫ్' (డిస్క్ ఎంత నిండిందో చూపే కమాండ్) కొడితే బూట్ పార్టిషన్ (డిస్క్‌లో కెర్నల్స్ ఉండే భాగం) 100% నిండి ఉంది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే బూట్ విడిగా, చిన్న పార్టిషన్‌గా ఉంటుంది. పాత కెర్నల్స్ పేరుకుంటే కొత్తదానికి చోటుండదు. 'యూనేమ్ -ఆర్'తో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకుని, దాన్ని ముట్టుకోకుండా అంతకంటే పాతవి తీసేశాను. ఈ ఒక్క చోట తొందరపడొద్దు.

తర్వాత ఆగిన ఇన్‌స్టాల్ పూర్తి చేసి, ఆ ఫైలు తయారు చేసుకోవడానికి ఈ కమాండ్లు, అన్నీ సుడోతోనే (అడ్మిన్ హక్కులతో): 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్', చివర్లో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్', 'అప్‌డేట్-గ్రబ్'. రీస్టార్ట్ చేస్తే కొత్త కెర్నల్‌తోనే లాగిన్ స్క్రీన్ వచ్చింది.

అప్‌గ్రేడ్‌లో బయటి పీపీఏలు (మనం విడిగా జోడించుకున్న సాఫ్ట్‌వేర్ సోర్సులు) ఆగిపోతాయి. 24.04కి ప్యాకేజీలు ఉన్నవాటినే మళ్లీ ఆన్ చేసుకోండి.