మినుములో బంగారు తీగను మందు కొట్టకుండా అదుపు చేయడం ఎలా?

కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పొలంలో మినుము వెదజల్లే రైతులకు బంగారు తీగ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆకులుండవు. పసుపు పచ్చని తీగ మినుము కాండానికి చుట్టుకుని, లోపలికి పీల్చే వేళ్లు దించి రసం లాగేస్తుంది. ఒకసారి పట్టు దొరికాక నేలలో ఉన్న దాని వేరు ఎండిపోతుంది, అయినా తీగ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వేప కషాయం పురుగులకు పనిచేస్తుంది గానీ దీనికి కాదు, దాని మీద డబ్బు పెట్టకండి.

దీన్ని దెబ్బతీయగలిగేది మొలక దశలోనే. గింజలో ఉన్న కొద్దిపాటి ఆహారంతో బతికే మొలకకు కొద్ది రోజుల్లో తగిన మొక్క అందకపోతే చచ్చిపోతుంది. వరి, జొన్న, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి పంటల మీద ఇది నిలదొక్కుకోలేదు. 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఈ మొలక టమాటా వాసన వైపు వంగి పెరుగుతుందని, గోధుమ మొక్క వదిలే వాసనల్లో ఒకటి దాన్ని దూరం పెడుతుందని చూపించారు. అంటే పంటను ఎంచుకోవడమే మన చేతిలో ఉన్న అసలు ఆయుధం.

1. విత్తనం దగ్గరే ఆపండి. తీగ గింజ మినుము కన్నా చాలా చిన్నది. మినుము పైన నిలిచి సన్న గింజ కిందికి జారే జల్లెడ పట్టండి. పగలని తీగ కాయలు జల్లెడ మీదే ఉండిపోతాయి, వాటిని చేత్తో ఏరాలి. తీగ పడిన చేను నుంచి వచ్చిన విత్తనం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

2. తీగ బాగా పాకిన మడిలో మినుము ఆపి, వరి తర్వాత దుక్కి లేకుండా జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి. మినుము నేలలో మిగిలిన తేమతోనే పండుతుంది. మొక్కజొన్నకు మాత్రం తడులు తప్పవు కాబట్టి నీళ్లు తక్కువైతే జొన్నే మేలు. మినుముకు బదులు పెసర వేస్తే లాభం లేదు, దాన్నీ పట్టేస్తుంది. చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటి ఉంది. జొన్న చేలో, గట్ల మీద వెడల్పాకు కలుపు పెరగనిస్తే తీగ దాని మీద బతికి గింజ రాల్చుతుంది. ఆ కలుపు తీయకపోతే పంట మార్చినా వృథాయే. గింజ నేలలో పదేళ్లకు పైగా బతికి ఉండగలదు కాబట్టి ఒక్క ఏడాది మార్పుతో పూర్తిగా పోతుందనుకోకండి.

3. మినుము వేసిన మడిలో మొలిచిన రెండో వారం నుంచే తిరిగి చూడండి. పసుపు తీగ కనబడితే దాన్నొక్కదాన్నే లాగొద్దు. కాండంలో మిగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. చుట్టుకున్న మినుము మొక్కలతో సహా, చుట్టూ మూరెడు మేర పీకి గోతంలో వేయండి. చేనంతా ఈడ్చుకుంటూ పోతే తెగిన ముక్కలు పక్క మొక్కలను పడతాయి. పొలం బయట ఎండబెట్టి కాల్చేయాలి. ఇదంతా తీగ పూత పట్టకముందే జరగాలి. నాలుగు మొక్కలు పోతున్నాయని మనసొప్పకపోవచ్చు, కానీ ఆ నాలుగూ ఎలాగూ కాయవు.

4. తీగ ఉన్న మినుము కట్టెను, అంటే నూర్చాక మిగిలే ఎండు మొక్కలను, పశువులకు వేయకండి. గింజ వాటి పొట్టలో అరగకుండా పేడతో మళ్లీ పొలానికి చేరుతుంది. తీగ ఉన్న మడిని చివర్లో కోయండి, ఆ పంటను విడిగా నూర్చండి. మిషన్‌నూ టార్పాలిన్ పట్టాలనూ శుభ్రంగా దులిపాకే పక్క చేనుకు పంపండి.